పాదాల వైపు నుంచి

నేనేం పని చేస్తానో ఇంట్లో చెప్పడం నాకు చేతకాదు.
"తెర మీద ఏ బటన్ ఎక్కడుండాలో చెప్తాను" అంటే
"దానికీ జీతమిస్తారా" అంది మా అత్త.

రాయదుర్గంలో పదకొండో అంతస్తులో కూర్చుని
ఒక మనిషిని తయారు చేశాను.
ఎముకలు దంతం రంగు, నెత్తుటి దారులు పగడం రంగు,
వేలితో తోస్తే బొంగరంలా తిరిగే మనిషి.
మీటింగులో చప్పట్లు కొట్టారు.

ఆ మనిషిని ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని మలక్‌పేట వెళ్ళాను,
ఆసుపత్రి సెల్లారులో, జనరేటర్ పక్క గదిలో
చీకట్లో కూర్చుని చదివే డాక్టర్ నుజ్హత్ దగ్గరికి.
ఒక్కసారి తిప్పి చూసింది.
"మంచిగుంది. పెళ్ళిళ్ళల్ల పెట్టుకోవచ్చు" అంది.
తర్వాత వాణ్ణి పక్కకి నెట్టి
బూడిదరంగు ముక్కలు తెరిచింది, ఒకదాని వెనక ఒకటి,
ఐదు వందల పన్నెండు.

పేరుండాల్సిన చోట సున్నాలు.
మెడ దగ్గర మాత్రం, తీయనని మొండికేసిందేమో,
పుస్తెలు తెల్లటి గీతలు చిమ్ముతూ.

నాలుగు గంటలు ఆమె వెనక స్టూలు మీద కూర్చున్నాను.
మౌసు చక్రం అరిగి నున్నబడింది.
ఒకే ముక్కకి ఎన్నో కిటికీలు.
ఊపిరితిత్తుల కిటికీ తీస్తే ఎముకలు తెల్లగా మండిపోతాయి,
ఎముకల కిటికీ తీస్తే ఊపిరంతా నల్లటి గుంత.
అన్నీ కనపడే కిటికీ లేదా అన్నాను.
"దొరికితే చెప్పు. మా ఇంటిక్కూడా ఒకటి కావాలె."

దారెలా గుర్తుపడతారని అడిగితే
"శాలిబండ ఆటోవాళ్ళు బోర్డులు చూస్తరా?
గుండె దాటినంక కిందికి, పన్నెండో పక్కటెముక కాడ ఆగుత."

అప్పుడడిగాను, ఇన్నాళ్ళూ అడగడానికి సిగ్గుపడ్డది:
కాలేయం కుడివైపు కదా,
తెర మీద ఎడమవైపు ఎందుకుంది?
మొదటిసారి కుర్చీ తిప్పి నా ముఖం చూసింది.
"పడుకున్న మనిషి కాళ్ళ దగ్గర నిలబడి
తల వైపుకు చూస్తున్నం మనం."

ఏడాదిన్నరగా ఈ పనిలో ఉన్నాను.
ఎక్కడ నిలబడ్డానో నాకే తెలీదు.

నా వెర్షన్‌లో చక్రం జోరుగా తిప్పితే
ముక్కలు పరుగెత్తేవి, ఫోనులో ఫొటోల్లా.
అది నాకెంతో ముద్దు.
ఆమె తిప్పింది. రెండు వందల పదకొండు. రెండు వందల పదిహేడు.
"ఆగాగు. మధ్యల ఎవరున్నరు?"
ఒక్కో అడుగూ వెనక్కి వచ్చింది.
రెండు వందల పద్నాలుగులో
మినపగింజంత తెల్లచుక్క.
ఇద్దరం ఏమీ అనలేదు.
పక్కన ఫ్లాస్కులో చాయ్ చల్లారిపోయింది.

తిరుగుదారిలో అవసరం లేకపోయినా లాడ్ బజార్‌లో దిగాను,
అత్తకి గాజులని సాకు.
కొట్టువాడు ధర చెబుతూ, నన్నే చూస్తూ
కర్రకెక్కించిన లక్కగాజుల్ని బొటనవేలితో
ఒక్కొక్కటే జారుస్తున్నాడు.
ఒకచోట వేలు ఆగింది. ఒకటి తీసి పక్కన పడేశాడు.
"బీటున్నది."
నాకేం కనపడలేదు. ఎట్లా తెలిసిందన్నాను.
"ఏ ఒక్కటీ ఇడిచిపెట్టలే గద, అమ్మా."

ఆ రాత్రే పరుగు తీసేశాను.
"వాడేవాళ్ళకి మొరటుగా అనిపిస్తుంది" అన్నాడు ప్రద్యుమ్న.
అనిపించనీ.
ఇప్పుడు చక్రం ఒక్క గడి తిరిగితే ఒక్క ముక్క,
అంతకుమించి కదలదు.
తెర కింద మూల రెండు చిన్న పాదాలు గీశాను.
చోటు దండగ, తీసేయమన్నారు.
ఇంకా తీయలేదు.

పరీక్ష కోసమని అప్పుడప్పుడు ఆ సున్నాల ఫైలు తెరుస్తాను.
పుస్తెల వెలుగు దాటి నెమ్మదిగా దిగుతుంటే
పదకొండో అంతస్తులో, ఏసీ చలిలో,
చెప్పులు విడిచానో లేదో అని
ఒకసారి బల్ల కిందికి చూసుకుంటాను.